బ్యాటరీలను వాసన చూసే మనిషి

పోయిన సోమవారం పొద్దున్నే కారు డిక్కీలోని చిన్న బ్యాటరీకి మీటరు పెట్టి చూస్తే పన్నెండు పాయింట్ ఒకటి చూపించింది. రాత్రంతా కదలకుండా ఉన్న బండికి అది మంచి అంకె కాదు. పన్నెండున్నర పైన ఉండాలి. పాత అలవాటు చొప్పున బ్యాటరీల షెడ్డాయనకు ఫోన్ చేశాను. ఎవరో ఆడమనిషి మాట్లాడింది.

“నాన్నగారు పోయి నాలుగు నెలలైందండి. మీరెవరండి?”

బియ్యం మిల్లులో లారీలు తూచే కాటా దగ్గర పనిచేసేవాణ్ణని, మానేసి ఏడాదైందని చెప్పాను.

“హైబ్రిడ్ కారాయనా? మీ ఆవిడగారికి ఎలా ఉందండి? నాన్నగారు అడుగుతుండేవారు మీ గురించి ఎవరైనా వస్తే.”

బాగానే ఉందన్నాను. ఫోన్ పెట్టేశాక డిక్కీ మూత పట్టుకుని అలాగే నిలబడ్డాను. మా ఇంటికి ఆయన షెడ్డు రెండు కిలోమీటర్లు. ఆయన పోయిన సంగతి నాకు నాలుగు నెలలకి తెలిసింది, అదీ బ్యాటరీ కావలసి వచ్చి. నా మీద నాకు రోత పుట్టింది. ఆయన విషయంలో అలా పుట్టడం ఇది రెండోసారి.

ఆయన పేరు రాయను. పేరు రాసి ఉన్న దేన్నీ ఆయన నమ్మేవాడు కాదు. అట్టపెట్టెలోంచి తీసిన కొత్త బ్యాటరీకైనా ముందు స్టిక్కరు మూలను గోటితో లేపి చూసేవాడు. “కింద ఇంకో పేరుందేమో చూడాలండి. ఈ రోజుల్లో బ్యాటరీలకి పునర్జన్మలు ఎక్కువైపోయాయి” అనేవాడు.

మండపేటలో బియ్యం మిల్లుల రోడ్డు మీద, లారీలు మలుపు తిరిగే చోట ఉండేది ఆయన రేకుల షెడ్డు. లోపల ట్రాక్టరు బ్యాటరీలు, లారీ బ్యాటరీలు పొట్టలు విప్పుకుని పడి ఉండేవి. నేల మీద తెల్లటి పొక్కులు. ఆయన చొక్కాకు ముందువైపు యాసిడ్ చిల్లులు, జల్లెడలాగా. గోళ్ళు పసుపుపచ్చ. పక్కనే బూడిద పోసిన డబ్బా ఒకటి పెట్టుకుని, మాటకో ఉమ్ము ఉమ్మేవాడు. ఆయన పక్కన నిలబడి టీ తాగడం నావల్ల అయ్యేది కాదు. గ్లాసు పట్టుకుని రోడ్డు మీదికి వచ్చేసేవాణ్ణి.

మిల్లులో కరెంటు పోయినప్పుడు కాటా నడవడానికి ఒక బ్యాటరీ ఉండేది. దాన్ని చూడటానికి ఆయన ఏడాదికి రెండుసార్లు వచ్చేవాడు. వచ్చీ రాగానే మీటరు తీసేవాడు కాదు. వంగి, బ్యాటరీ మీద ముఖం పెట్టి, ఆ మూల నుంచి ఈ మూలకు వాసన చూసేవాడు. తర్వాత మూత విప్పి, చిటికెన వేలు లోపల ముంచి, నాలుక చివర తాకించి, పక్కకు ఉమ్మేవాడు.

“అదేంటండీ, యాసిడ్ కదా అది!” అన్నాను మొదటిసారి.

“మరి పులిహోరనుకున్నారా? యాసిడ్ కాబట్టే చూస్తున్నాను. పులుపు చచ్చిందంటే బ్యాటరీ చచ్చినట్టేనండి.”

ఆ తర్వాత గాజు గొట్టంతో ద్రావకం లాగి, లోపల తేలే పుల్ల ఎక్కడ ఆగిందో చూసేవాడు. నేను పదకొండుసార్లు గమనించాను. తొమ్మిదిసార్లు గొట్టం ఆయన నాలుకతో ఏకీభవించింది. మిగిలిన రెండుసార్లూ ఆయన గొట్టాన్ని తిట్టాడు.

ఇక “ఛీ”. అది ఆయన ఊతపదం కాదు, తీర్పు. బతకదనుకున్న బ్యాటరీకి మెల్లిగా, జాలిగా ఒక ఛీ. స్టిక్కరు మార్చిన దానికి పొడుగ్గా ఒక ఛీ. డిస్టిల్డ్ వాటర్ బదులు కాలవ నీళ్ళు పోసి తెచ్చిన దానికి రెండు. ఒకసారి ఒక రైతు, ట్రాక్టరు బ్యాటరీ వేడెక్కుతోందని, చలవ చేస్తుందని కొబ్బరినీళ్ళు పోసి పట్టుకొచ్చాడు. ఈయన నాలుక పెట్టి, కాసేపు అర్థంకాక, మళ్ళీ నాలుక పెట్టి చూశాడు. సంగతి తెలిశాక ఆ రైతునేమీ అనలేదు. బ్యాటరీ కేసి వంగి, “ఛీ, నీ బతుకు ఇలా అయిందా” అన్నాడు. మనుషుల్ని ఛీ అనడం నేను వినలేదు, ఒక్కసారి తప్ప.

మా ఆవిడకు రెండు కిడ్నీలూ పనిచెయ్యడం మానేశాయి. వారానికి మూడు రోజులు రాజమండ్రిలో డయాలసిస్. ఏడు గంటలకల్లా అక్కడుండాలి. ఆలస్యమైతే మన మంచం ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఆరు నెలలు బస్సుల్లో, ఆటోల్లో తిప్పాను. తిరిగి వచ్చేటప్పుడు ఆవిడ కూర్చోలేకపోయేది. పెట్రోలు లెక్క చూసుకుని, చూసుకుని, చివరికి ఒక పాత హైబ్రిడ్ కారు కొన్నాను. వెనక సీటు వెడల్పు, ఆవిడ పడుకోవచ్చు. “నన్నెందుకండీ అంత దూరం తిప్పడం? మీ బ్యాటరీ ఆయన షెడ్డులో దింపెయ్యండి, ఆయనే చార్జింగు పెడతాడు” అని నవ్వేది.

హైబ్రిడ్ కారులో బండిని లాగేది పెద్ద బ్యాటరీ. కానీ ఆ పెద్దదాన్ని పొద్దున్నే నిద్ర లేపాల్సింది డిక్కీ మూల కూర్చున్న చిన్న పన్నెండు వోల్టుల బ్యాటరీ. అది నీరసిస్తే మొత్తం బండి పడుకున్నట్టే. కొన్న ఏడాదికి ఒక రోజు అదే జరిగింది. వీధిలో నలుగురు వచ్చి తోస్తామన్నారు. తోస్తే స్టార్టయ్యే బండి కాదని చెబితే నావంక జాలిగా చూశారు.

షోరూమువాళ్ళు చిన్న బ్యాటరీకి చెప్పిన ధర నా నెల జీతానికి రెండు వేలే తక్కువ.

“బయట కొంటే వారంటీ పోతుంది సార్” అన్నాడు అక్కడి కుర్చీలో ఆయన.

“వారంటీ అయిపోయి మూడేళ్ళయిందండి.”

“అయినా పోతుంది సార్.”

అక్కణ్ణుంచి నేరుగా షెడ్డుకు వెళ్ళాను. ఆయన డిక్కీలో తలపెట్టి చూసి, బ్యాటరీ పక్కనుంచి కారు అడుగుకు దిగుతున్న సన్నటి రబ్బరు గొట్టాన్ని వేళ్ళతో తడిమాడు.

“నా దగ్గరున్నవేవీ దీనికి పనికిరావు కాటాగారూ. ఇది మనుషులు కూర్చునే గదిలోనే ఉంది. ఇది వదిలే గాలి బయటికి పోవాలి, అందుకే ఈ గొట్టం. గొట్టం పెట్టుకునే రకమే వెయ్యాలండి. తుని నుంచి తెప్పిస్తాను, పది రోజులు ఆగండి.”

“ఎంతవుతుందండి?”

“మామూలు దానికి రెట్టింపు అవుతుంది. షోరూములో సగం.”

పది రోజులంటే నాలుగు డయాలసిస్‌లు. పైగా, తన దగ్గర ఇరవై బ్యాటరీలు పెట్టుకుని తుని పేరు చెబుతున్నాడంటే మధ్యలో ఏదో ఉందనుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ ఉమ్ము, ఆ గోళ్ళు, ఆ చొక్కా చూసి, ఇంత మురికి మనిషికి ఇంత కొత్త బండి గురించి ఏం తెలుసులే అనుకున్నాను.

రాజమండ్రిలో గాజు తలుపులున్న ఒక షాపు దొరికింది. లోపల ఏసీ. కూర్చోబెట్టి చల్లటి నీళ్ళిచ్చారు. ఓనరు గోళ్ళు శుభ్రంగా ఉన్నాయి. అప్పుడే చార్జర్ మీంచి దించిన బ్యాటరీకి నా ఎదురుగానే మీటరు పెట్టాడు. పన్నెండు పాయింట్ ఎనిమిది. నేను అంకెను నమ్మే మనిషిని. ఆ అంకె చూశాక ఇంకేమీ చూడలేదు.

“ఈ గొట్టం ఎక్కడ పెడతారండి?” అని మాత్రం అడిగాను.

“అది రేటు పెంచడానికి ఇస్తారు సార్. మన వైపు అక్కర్లేదు.” గొట్టాన్ని మడిచి, నల్ల టేపు చుట్టి, మ్యాటు కిందికి తోసేశాడు.

షోరూము ధరలో మూడో వంతుకు పని అయిపోయింది. ఇంటికొచ్చి ఆవిడతో గొప్పగా చెప్పుకున్నాను.

మూడో వారం నుంచి కారులో వాసన మొదలైంది. కుళ్ళిన కోడిగుడ్డు వాసన. ఒక రోజు ఎక్కువ, ఒక రోజు తక్కువ. ఆవిడ వెనక సీట్లో, డిక్కీ వైపు తలపెట్టి పడుకునేది. నేను ముందు. అద్దం నాలుగు వేళ్ళ మేర దించాను.

“ఏసీ వేసి అద్దం దించుతారేంటండీ?”

“కడియం వస్తోంది కదా. పూలతోటల వాసన బాగుంటుంది.”

కడియం ఇంకా ఎనిమిది కిలోమీటర్లుంది. ఆవిడకూ తెలుసు. ఆ తర్వాత అడగలేదు.

కిడ్నీల జబ్బు ముదిరితే ఒంటి నుంచి, నోటి నుంచి ఒక రకమైన వాసన వస్తుందని ఎక్కడో చదివాను. ఇదే అదనుకున్నాను. అడగలేదు. డాక్టరుతో అనలేదు. కారెక్కగానే అద్దం దించడం, ఆసుపత్రి దగ్గర దిగగానే గట్టిగా ఊపిరి పీల్చుకోవడం అలవాటు చేసుకున్నాను. ఆవిడ తెల్లవారుజామునే లేచి రెండుసార్లు స్నానం చెయ్యడం మొదలుపెట్టింది. కొంగు చివర కర్పూరం ముడి వేసుకునేది. చెల్లెలి గృహప్రవేశానికి ఒంట్లో బాగోలేదని వెళ్ళలేదు. నేను అద్దం దించకముందే తనవైపు అద్దం తనే దించేసేది. ఇవన్నీ చూశాను. చూసి ఊరుకున్నాను. అసహ్యం వేసింది నాకు. ఎవరి మీదనో అప్పటికి పేరు పెట్టుకోలేదు గానీ, దించిన అద్దమే చెప్పేస్తుంది కదా.

రెండు నెలలు గడిచాయి. ఒక రోజు రాజమండ్రి బయల్దేరుతూ, కాటా గది తాళాలు ఇవ్వడానికి మిల్లు దగ్గర ఆగి బండి ఆపు చేశాను. మళ్ళీ లేవలేదు. ఆరు దాటింది. ఆవిడ కాళ్ళు అప్పటికే నీరు పట్టి ఉన్నాయి. షెడ్డు రెండు వందల అడుగుల దూరం. పరుగెత్తాను. ఆయన నోట్లో వేపపుల్లతోనే వచ్చాడు.

వచ్చినవాడు డిక్కీ వైపు వెళ్ళలేదు. అలవాటుగా ముందు ముక్కు పెట్టాడు. వెనక తలుపు తెరిచి తల లోపలికి పెట్టగానే మా ఆవిడ అవతలి తలుపు వైపు ముడుచుకుపోయింది.

“దగ్గరికి రాకండి బాబుగారూ. నా దగ్గర వాసనొస్తోంది. ఈ జబ్బుకి అంతేనంట.”

ఆయన తల తియ్యలేదు. ఒకసారి పీల్చాడు. ఆగి ఇంకోసారి పీల్చాడు.

“మీరు కాదమ్మా” అన్నాడు.

ఆవిడ ఆయన వైపు తల తిప్పింది.

“మీరు కాదు. ఇది బ్యాటరీ కంపు. నలభై ఏళ్ళ నుంచి ఎరుగుదును దీన్ని. మా ఇంట్లో అన్నం కూడా ఇదే వాసన కొడుతుందని మా ఆవిడ తిట్టేది.”

“నిజంగానా అండీ?”

“నా ముక్కు మీద ఒట్టు తల్లీ. దీనితోనే కదా నేను బతుకుతోంది.”

“నిజంగా నేను కాదా?” అని మళ్ళీ అడిగింది. నన్ను కాదు, ఆయన్ని.

ఆయన డిక్కీ తెరిచి మ్యాటు ఎత్తాడు. బ్యాటరీ పైన చెమట పట్టినట్టు తడి. వేలు తాకించి, నాలుక మీద పెట్టి, ఉమ్మాడు. గోటితో స్టిక్కరు మూల లేపాడు. కింద ఇంకో స్టిక్కరు. టేపు చుట్టిన గొట్టాన్ని బయటికి లాగి చూశాడు.

“బ్యాటరీ లోపలున్న ఆరు గదుల్లో ఒకటి చచ్చింది. పెట్టిన చార్జింగంతా మిగతా అయిదింటినీ ఉడకబెడుతోంది. ఆ కంపు పోవడానికి దారి లేక లోపలికే వచ్చింది. ఎవరండీ ఇది మీకు అంటగట్టింది?”

“మీటరు పన్నెండు పాయింట్ ఎనిమిది చూపించిందండి” అన్నాను.

“చార్జర్ మీంచి దించిన అయిదు నిమిషాలకి శవం కూడా పన్నెండున్నర పైనే చూపిస్తుందండి. ఒక రాత్రి ఆగి చూడాలి.” బ్యాటరీ వంక చూశాడు. గొట్టం వంక చూశాడు. వెనక అద్దం నాలుగు వేళ్ళు దించి ఉండటం చూశాడు, ముందు అద్దమూ చూశాడు. చివరికి నన్ను చూశాడు.

“ఛీ” అన్నాడు.

వెంటనే రోడ్డుకు అడ్డం వెళ్ళి ఒక ఆటో ఆపాడు. “అమ్మగారిని రాజమండ్రి దింపు. గోతుల్లో చూసుకుని నడుపు. బేరం నాతో.”

ఆటోలో మా ఇద్దరి మధ్యా ఒక మనిషి కూర్చునేంత ఖాళీ వదిలి కూర్చుంది ఆవిడ. ద్వారపూడి దాటాక అడిగింది.

“మీకూ వచ్చేదిగా వాసన?”

“వచ్చేది.”

“మరి అడగలేదేం?”

“నీకు బాధేస్తుందని.”

“అద్దం దించితే వెయ్యలేదా?”

ఆసుపత్రికి చేరేసరికి ఏడు దాటింది. మంచం ఇంకొకరికి ఇచ్చేశారు. పదకొండు గంటల దాకా వరండాలో కూర్చున్నాం.

సాయంత్రం ఆవిడను ఇంట్లో దింపి షెడ్డుకు వెళ్ళాను. ఇంకో బ్యాటరీ వైరు తగిలించి షెడ్డుకు తెచ్చిన కారు అప్పటిదాకా ఎండలోనే, అద్దాలు ఎత్తి ఉంది. ఆయన బ్యాటరీ ఇంకా తియ్యలేదు.

“ఎక్కండి” అన్నాడు. “ముందు కాదు. ఆవిడ పడుకునే చోట.”

ఎక్కాను. తలుపు వేశాడు. వాంతి వచ్చేంత కంపు. గొంతు మండింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తలుపు తోసుకుని బయటపడ్డాను.

“ఎంతసేపున్నారండి?”

గడియారం చూశాను. “నిమిషం లోపే.”

“రాజమండ్రి ఎంతసేపు?”

“యాభై నిమిషాలు.”

ఆయన బూడిద డబ్బాలో ఉమ్మి, బ్యాటరీ విప్పడం మొదలుపెట్టాడు. ఆ మురికి గోళ్ళ వంక అప్పుడు చూశాను. నాకు అసహ్యం వెయ్యలేదు. అసహ్యం అంతా ఇంకోచోట ఖర్చయిపోయింది.

బ్యాటరీ కూర్చునే పళ్ళేన్ని కొలవడానికి నేను టేపు తీస్తే వద్దన్నాడు. మూలనున్న చీపురులోంచి మూడు కొబ్బరి ఈనెలు లాగి, పొడవుకొకటి, వెడల్పుకొకటి, ఎత్తుకొకటి సరిగ్గా విరిచాడు. “మీరు అంకె రాస్తారు, అవతలివాడు ఇంకోలా చదువుతాడు. ఈనెని ఎవడూ తప్పు చదవడండి.” పొడవు ఈనెకు ఒక చివర దారం కట్టాడు, ప్లస్సు అటువైపని గుర్తు. కాగితంలో చుట్టి, తుని మీదుగా వెళ్ళే బియ్యం లారీ డ్రైవరు చేతిలో పెట్టాడు. పది రోజులన్నవాడు నాలుగు రోజుల్లో తెప్పించాడు. ఈనెలు కూడా తిరిగొచ్చాయి. మొదట చెప్పిన ధరే. లారీ డ్రైవరుకు టీ ఇప్పించమన్నాడు, అంతే.

ఆ కొత్త బ్యాటరీ ఆయనకు నచ్చలేదు. మూతలు లేవు. వేలు పెట్టడానికి లేదు. “దీన్ని నాలుకతో చూడలేం, ముక్కుకి దొరకదు. నోరు లేనిదాన్ని ఎలా నమ్ముతామండీ?” అని సణుగుతూనే బిగించాడు. గొట్టం ఒక కొసను కారు కింద నుంచి నోట్లో పెట్టుకుని ఊది, రెండో కొస దగ్గర నన్ను అరచెయ్యి పెట్టమన్నాడు. గాలి తగిలింది. “ఇది తగలాలండి. మీటరు తర్వాత.” గొట్టం బిగించి, ఈనెలు నా చేతికిచ్చాడు. “మళ్ళీ మార్చేటప్పుడు నేనుంటానో ఉండనో.”

అది జరిగి మూడేళ్ళు. ఆ తర్వాత రోడ్డు మీద కనబడితే చెయ్యెత్తేవాణ్ణి. ఆగి మాట్లాడటానికి మొహం చెల్లేది కాదు.

ఫోన్‌లో ఆ మాట విన్న రోజు సాయంత్రం షెడ్డు దగ్గరికి వెళ్ళాను. గోడలకు తెల్ల సున్నం, నేలకు టైల్స్, వరసగా మెరిసే బ్యాటరీలు. ఎవరో కొత్తగా అద్దెకు తీసుకున్నారు. నా కారు చూసి, “పెట్టేద్దాం సార్, సైజు ఒకటే” అన్నాడు. గొట్టం గురించి అడిగితే, “దాన్ని తీసి పక్కన పడెయ్యొచ్చు సార్” అన్నాడు. అదే షెడ్డులో, అదే చోట నిలబడి. వెనక్కి వచ్చేశాను.

కారు సొరుగులో కాగితం చుట్టలో ఆ మూడు ఈనెలూ ఉన్నాయి. ఎండి, కొంచెం వంకర తిరిగాయి. పళ్ళెంలో పెట్టి చూశాను, సరిపోయాయి. తుని వెళ్ళే లారీకి ఇచ్చి అప్పటి షాపుకే పంపాను. గురువారం బ్యాటరీ వచ్చింది. స్టిక్కరు మూల లేపాను. ఒక రాత్రి ఆగి మీటరు పెట్టాను. పన్నెండు పాయింట్ ఏడు. గొట్టం కొస నోట్లో పెట్టుకుని ఊదాను. మట్టి, రబ్బరు రుచి తగిలి ఉమ్మాను. తర్వాత బండి ఆన్ చేసి, అద్దాలన్నీ ఎత్తి, వెనక సీట్లో ఆవిడ తలపెట్టే చోట తలపెట్టి పడుకున్నాను. యాభై నిమిషాలు, గడియారం చూసుకుంటూ. ఏ వాసనా రాలేదు.

శనివారం పొద్దున్నే ఆవిడ బయటికి వచ్చింది. నేను వెనక తలుపు తెరిచి పట్టుకున్నాను. ఆవిడ ఎక్కబోతూ ఆగి, కొంగు ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకుంది. మూడేళ్ళుగా అంతే.

“ఏమీ లేదు, ఎక్కు. నేను చూశాను” అన్నాను.

“మీరు చూస్తే సరిపోదండి” అంది. రెండో భుజం వైపు కూడా వాసన చూసుకుని, అప్పుడు ఎక్కింది.